చెక్క చప్పుడు

పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇంట్లో తిరిగే సారె కుమ్మరిది, చెక్క అతని భార్యది. సారె మీద నుంచి దిగిన పెద్ద కుండకి మెడ ఉంటుంది గానీ అడుగు ఉండదు. ఒక రోజు ఆరనిచ్చి, లోపల గుండ్రాయి ఆనించి, బయట నుంచి చెక్కతో కొట్టి కొట్టి అడుగు మూసేది ఆవిడే. కుండ గోడ ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ పలచబడిందో చప్పుడును బట్టే చెప్పేసేది.

"నీవి పాము చెవులే" అనేవాడు కుమ్మరి.

"అందుకే మీ సణుగుడంతా వినబడి చస్తోంది" అనేది ఆవిడ.

అరవై దాటాక ఆ చెవులు మొరాయించాయి. ఎవరేమన్నా నవ్వి తలూపడం మొదలుపెట్టింది. ఆ ఏడు ఆవంలో కాల్చి తీసిన పెద్ద కుండల్లో సగం అడుగున పగిలి ఉన్నాయి. ఆవిడ రాకముందే కుమ్మరి వాటిని గోనెసంచుల్లో వేసి గోడ అవతల పారబోశాడు.

"ఇన్నేనా?" అంది ఆవిడ వచ్చి.

మిగతావి కొన్నవాళ్ళు పొద్దున్నే పట్టుకుపోయారని సైగ చేశాడు.

అప్పటి నుంచి మధ్యాహ్నం ఆవిడ కునుకు తీయగానే, ఆవిడ కొట్టి పెట్టిన కుండలన్నీ ఒక్కొక్కటే ఒళ్ళోకి తీసుకుని మళ్ళీ కొట్టేవాడు. పక్క గదిలోనే. ఎంత గట్టిగా కొట్టినా ఆవిడకి మెలకువ రాదు. మొదటి రోజు ఆ సంగతి తట్టి, చెక్క కింద పెట్టి ఏడ్చాడు.

ఒకరోజు దాహమేసి ఆవిడ లేచి వచ్చింది. అతను తలెత్తేసరికి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

అతను కుండని ఒళ్ళోంచి దించబోయాడు.

"మిమ్మల్నే అడుగుతున్నా! ఎన్నాళ్ళ నుంచి దిద్దుతున్నారు నా పని?"

నాలుగు వేళ్ళు చూపించాడు.

"నెలలా?"

తలూపాడు. ఆవిడ గోడకి జారబడి కూర్చుంది.

"చెవులు పోయాయని నాకు తెలుసు. అందరూ నా మొహం మీద అరుస్తుంటే తెలీదా? చేతులు మాత్రం ఉన్నాయనుకున్నాను. పగిలినవి చూపించి ఉంటే వేళ్ళతో తడుముకునైనా మళ్ళీ నేర్చుకునేదాన్ని కదండీ. పసిపిల్లకి ఆటబొమ్మ ఇచ్చినట్టు నా చేతికి చెక్క ఇచ్చి కూర్చోబెట్టారు."

"నువ్వు బాధపడతావని..." అన్నాడు నేలచూపులు చూస్తూ. ఆవిడకి వినబడలేదు. గట్టిగా మళ్ళీ చెప్పే ధైర్యం అతనికి లేకపోయింది.

మర్నాడు ఆవిడ పనిగదిలోకి రాలేదు. కోడలు బతిమాలింది. తడిమి చూసుకుంటూ కొట్టమని అతనే చేతులు పట్టుకుని అడిగాడు. మట్టి తొక్కుతానంది, జల్లెడ పడతానంది. చెక్క మాత్రం ముట్టనంది. ముట్టలేదు.

కొన్నాళ్ళు రెండు పనులూ అతనే చేశాడు. సారె తిప్పి అలిసిన భుజం చెక్కకి లేచేది కాదు. చివరికి అడుగు కొట్టే పని లేని చిన్న ముంతలూ మూతలూ మాత్రమే చేయడం మొదలుపెట్టాడు. పెద్ద కుండల కోసం ఎవరైనా వస్తే "ఇప్పుడు చేయడం లేదండీ" అనేవాడు. ఎందుకని అడిగితే తన భుజం నొప్పి అని చెప్పేవాడు.

ఆ మాట ఆవిడకి చేరేది కాదు. వచ్చినవాళ్ళు ఉత్తచేతులతో వెళ్ళడం మాత్రం చూసేది. చూసి, తల వంచుకుని మట్టి తొక్కుకునేది.