కోర్టుకు రాని భాష

ఊరి పేరు బోర్డు మీద పచ్చరంగు పూసింది నేనే. అందులో దాపరికం లేదు. మా ఊరు బ్రిన్‌హెలిగ్. నోరు తిరగనివాళ్ల కోసం దానికి ఇంగ్లీషులో ఇంకో పేరు తగిలిస్తే ఒళ్లు మండదా? పోలీసు టామోస్ ఇంటికొచ్చి కేసు రాశాడు. రాసినంతసేపూ మాట్లాడింది మాత్రం మా వేల్ష్ భాషే, నేనిచ్చిన టీ తాగుతూ.

మేజిస్ట్రేటు ఇద్వాల్ పారి మా చర్చి పెద్ద. సండే స్కూల్లో నాకు అక్షరాలు దిద్దించినవాడు. ఆయన, గుమాస్తా, టామోస్, నేను, కోర్టులో అందరిదీ ఒకటే భాష. అయినా కుర్చీ ఎక్కగానే ఆయన ఇంగ్లీషులో నా పేరు అడిగాడు. మన భాషలో అడిగితేనే చెబుతానన్నాను. నువ్వు వేల్ష్‌లో చెప్పుకో, కోర్టుకు అర్థమయ్యేలా చెప్పడానికి కార్డిఫ్ నుంచి దుబాసీ వస్తాడని ఇంగ్లీషులోనే చెప్పి, వారం వాయిదా వేశాడు. మొండికేస్తే జైలేనని గుమాస్తా బయట నా చెవిన వేశాడు. నాకు ఎనిమిది పాడి ఆవులు, పాలు పిండేది నేనొక్కదాన్నే. భయం వేయలేదంటే అబద్ధం.

ఆదివారం చర్చిలో పిల్లలు ఎప్పటిలాగే ముందుకొచ్చి కంఠతా పట్టిన బైబిలు వాక్యాలు చెబుతున్నారు. ఇద్వాల్ ఒక్కొక్కరినీ మా భాషలో మెచ్చుకుంటున్నాడు. లేచి నిలబడ్డాను.

“ఆగండర్రా పిల్లలూ. పెద్దాయనకి మన భాష రాదు. కార్డిఫ్ నుంచి దుబాసీ రానివ్వండి.”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇద్వాల్ ముఖం కందగడ్డ అయింది. పాస్టరుగారు కూర్చోమంటే కూర్చున్నాను. పిల్లలు మాత్రం నిజంగానే నోళ్లు మూసుకున్నారు, ఇద్వాల్ సొంత మనవరాలితో సహా.

వాయిదా రోజు దుబాసీ వచ్చి కూర్చున్నాడు. ఇద్వాల్ కాగితాలు సర్దాడు, కళ్లద్దాలు తుడిచాడు, మళ్లీ తుడిచాడు. చివరికి వేల్ష్‌లో అడిగాడు.

“నీ పేరేంటమ్మా?”

గుమాస్తా కలం ఆగిపోయింది. నా పేరు మోర్విద్ అని చెప్పాను. మా పొలం పేరు, మా నాన్న పేరు చెప్పాను. ఈ భాష మాట్లాడినందుకు బడిలో మెడకు చెక్క వేలాడదీయించుకుని బెత్తం దెబ్బలు తిన్న మా తాత పేరూ చెప్పాను. రంగు పూశానని ఒప్పుకున్నాను, బోర్డు మారకపోతే మళ్లీ పూస్తానన్నాను. ఏడు రోజులు జైలన్నాడు. అదీ మా భాషలోనే. మా వంశంలో కోర్టు నోట ఆ భాష విన్నది నేనే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

టామోస్ నన్ను తీసుకెళ్లబోతుంటే ఇద్వాల్ బల్ల మీంచి ముందుకు వంగాడు.

“మరి నీ ఆవుల పాలెవరు పిండుతారే?”

“మీరే పిండండి. ఇంగ్లీషులో అదిలించారంటే మాత్రం తంతాయి.”