ఇటుకల గుట్ట మీద నిమ్మకాయలు

వినయ్‌కి ఆ పిచ్చి ఒక వీడియోతో పట్టుకుంది. గ్వాటెమాలా అడవిలో మాయన్లు కట్టి వదిలేసిన గుడి మీదికి ఎవరో వీపున సంచితో చీకట్లో ఎక్కుతారు. కింద పొగమంచు, చెట్లలో కోతుల అరుపులు, అంతలో సూర్యుడు. అంతే. ఆ రోజు నుంచి నందిగామలో నాన్న కిరాణా హోల్‌సేల్ కొట్లో కూర్చునే కుర్రాడు కూర్చున్నచోటే అడవులు పట్టుకు తిరగడం మొదలుపెట్టాడు. నాన్న తిట్టీ తిట్టీ ఊరుకున్నాడు. అక్క యశస్విని మాత్రం తమ్ముడి పక్షం. ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పే మనిషి కదా, పాత ఇటుక కనిపిస్తే ఆమెకూ కాళ్లు ముందుకు సాగవు.

"అంత దూరం తర్వాత పోదువు గానీ, ముందు మన మాయన్ల దగ్గరికి పోదాం రారా," అందామె.

మన మాయన్లంటే వత్సవాయి అవతల సర్కారు తుమ్మల మధ్య ఉన్న ఇటుకల గుట్ట. ఒకప్పుడు బౌద్ధుల స్తూపం. ఇప్పుడక్కడ మిగిలింది ఎర్రటి ఇటుకల కుప్ప, నాలుగు పలకరాళ్లు, బోలెడన్ని మేక పెంటికలు. వీపున బరువేసుకుని చీకట్లో నడిచి, సూర్యుడు వచ్చేసరికి దాని నెత్తిన ఉండాలి. వినయ్ దీనికి రిహార్సల్ అని పేరు పెట్టాడు.

సంచి సర్దే దగ్గర వచ్చింది చిక్కు. వినయ్ ఆన్‌లైన్లో తెప్పించుకున్న మడతపార, తలకి కట్టుకునే లైటు పెట్టుకున్నాడు. వాళ్లమ్మ దుర్గాంబ ఊరుకోలేదు. వాంతులైతే వాసన చూడ్డానికి నిమ్మకాయలు, దెబ్బ తగిలితే అద్దడానికి పసుపు పొట్లం, దోమలకని కర్పూరం తెచ్చి కుక్కింది.

"పక్కూరికేగా అమ్మా మేం పోయేది," అన్నాడు వినయ్.

"పక్కూళ్లో దోమలుండవేంట్రా?" అందావిడ.

పారా నిమ్మకాయలూ పసుపూ కర్పూరం ఒకే సంచిలో పెట్టుకుని పాత గుట్టల మీద తిరిగేవాళ్లని ఆ చుట్టుపక్కల ఏమంటారో ఆ మహాతల్లికి తట్టలేదు. పిల్లలకి అంతకంటే తట్టలేదు. గుప్తనిధులు తవ్వే దొంగలంటారు. ఆ దొంగలు తవ్వేముందు పూజ చేస్తారు, పూజకి బలి ఇస్తారు.

బండి పొలంగట్టున ఆపి ఇద్దరూ పాకుతూ గుట్ట ఎక్కేసరికి తూర్పు తెల్లబడుతోంది. పత్తిచేల మీద మంచు పరుచుకుని ఉంది. ఎక్కడో కౌజు పిట్ట కూసింది. కోతులు లేవన్న లోటు తప్ప వీడియోకి ఏమాత్రం తీసిపోలేదు. వినయ్ చేతులు బార్లా చాపి, "అక్కా, వచ్చేశామే!" అని అరిచాడు. వాడి మొహం చూసి యశస్వినికి కడుపు నిండిపోయింది. సూర్యుడి అంచు కనిపించింది.

అప్పుడు కనిపించింది గొయ్యి కూడా. గుట్ట తూర్పు పక్కన, మనిషి నడుం లోతున, కొత్తగా తవ్వింది. అంచున కుంకుమ అద్దిన నిమ్మకాయ చెక్కలు, కోడి ఈకలు పడున్నాయి. యశస్విని తమ్ముడి చొక్కా పట్టి లాగింది.

"ఒరేయ్, పోదాం పద. ఇది మంచి చోటు కాదు."

"ఒక్క నిమిషమే అక్కా, లోపల ఇటుకల వరస చూడు, చెక్కు చెదర్లేదు," అంటూ ఆ వెర్రివాడు లైటు వేసుకుని గోతిలోకి దూకాడు.

మొదటి దెబ్బ వాడి తల మీద పడింది. కొట్టినవాడు వెనకనుంచి వచ్చాడు, చేతిలో గొడ్డలి కామ, అంటే గొడ్డలికి బిగించే కర్ర. లైటు పగిలి ముక్కలైంది. తుమ్మల్లోంచి ఊరు ఊరంతా లేచి వచ్చినట్టు జనం గుట్ట మీదికి పాకారు. ఒకళ్లిద్దరు గోతిలోకి దిగి వినయ్‌ని కాళ్లు పట్టి పైకి ఈడ్చారు. అడ్డం పెట్టిన చెయ్యి మీద కర్ర పడితే మణికట్టు పుటుక్కుమన్న చప్పుడు యశస్వినికి వినపడింది. ఆమె వాడి మీద పడబోతే ఎవరో జుట్టు పట్టి వెనక్కి లాగారు.

జుట్టు పట్టింది తిరుపతమ్మ అనే ముసలామె. "నా మేకపిల్ల చాల్లేదా మీకు? నా మనవరాలు కావాలా?" అంటూ చెంపలు వాయించింది. పోయిన అమావాస్యకి ఆమె మేకపిల్ల తల ఈ గుట్ట మీదే దొరికింది. ఈసారి పసిపిల్లని బలిస్తారని పుకారు పుట్టింది. ఆ వారంలోనే మనవరాలు సాయంత్రం కనపడకుండా పోయి, చివరికి పత్తి కుప్పలో నిద్రపోతూ దొరికింది. పిల్ల దొరికింది గానీ భయం పోలేదు. అందుకే తెల్లారుజామున కాపలా.

గొడ్డలి కామ పట్టుకున్నవాడి పేరు అచ్చయ్య. అందరికంటే వాడి గొంతే పెద్దది, దెబ్బా పెద్దదే. వాడు సంచి తలకిందులు చేసి దులిపాడు. పార పడింది. పసుపు పొట్లం పగిలింది. కర్పూరం బిళ్లలు, నిమ్మకాయలు ఇటుకల మీద దొర్లాయి.

"ఇంకేం సాక్ష్యం కావాల్రా? చంపి ఈ గోతిలోనే పూడ్చండి నాయాళ్లని!"

"మాది నందిగామండీ! చూడ్డానికొచ్చామండీ!" అని అరిచింది యశస్విని. వాళ్లు వినే స్థితిలో లేరు. వినయ్ నోట్లోంచి రక్తంతో పాటు పన్ను ఊడి పడింది. వాడు అరవడం మానేశాడు. వీణ్ణి ఇక్కణ్ణుంచి ప్రాణాలతో తీసుకుపోవాలి. ఆ క్షణాన ఆమెకి లోకంలో ఇంకేమీ లేదు.

ఆమె వంగి ఒక నిమ్మకాయ ఏరింది. మంత్రించి దిగదీసిన నిమ్మకాయని ఎవరూ దాటరు. పొరపాటున తొక్కితే చాలు, పోయి స్నానం చేస్తారు. ఆమె దాన్ని తొక్కతో సహా కొరికింది. పగిలిన పెదవి భగ్గున మండింది. కన్నీళ్లు కారుతుండగా నమిలి మింగింది.

"మంత్రించినవైతే తింటానా? చూడండమ్మా, మా అమ్మ పెట్టిన కాయలివి!" ఇంకోటి కొరికింది.

జనం ఒక్కసారి వెనక్కి జరిగారు. తిరుపతమ్మ జుట్టు వదిలేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ నిశ్శబ్దంలో వినయ్ ఊపిరి గరగర వినిపించింది. గండం గడిచిందనుకుంది యశస్విని.

"మంత్రాలొచ్చు గనకనే తింటోంది," అన్నాడు అచ్చయ్య. "మామూలు మడిసి తింటదా? ముందు దీని పళ్లు రాలగొట్టండి!"

కర్రలు మళ్లీ లేచాయి. ఏం మనుషులయ్యా వీళ్లు! తినకపోతే దొంగ, తింటే మంత్రగత్తె. ఇక చెప్పడానికి ఆమె దగ్గర నిజమేమీ మిగల్లేదు. అచ్చయ్య వినయ్ తల మీదికి కామ ఎత్తాడు. ఎత్తినప్పుడు పంచె పైకి లేచింది. మోకాళ్ల మీద ఎర్రటి మరక కనపడింది.

"వాడి మోకాళ్లు చూడండి!" అని ఆమె గొంతు చించుకుంది. "ఎర్రగా కుంకుమ! ఇటుక పొడి! గోతిలో మోకాళ్ల మీద కూర్చుని తవ్వింది వాడే! తన మీదికి రాకూడదనే మమ్మల్ని చంపమంటున్నాడు!"

నమ్మి అందో, నమ్మించాలని అందో ఆ నిమిషాన ఆమెకే తెలియదు. అందరి కళ్లూ మోకాళ్ల మీదికి పోయాయి.

"అదేం కాదెహె, పాకుతూ ఎక్కా గదా..." అచ్చయ్య నవ్వబోయాడు.

"మొన్న ట్రాక్టర్ ఎట్లా కొన్నావురా నువ్వు?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

అంతే. వినయ్ మీద పడాల్సిన కర్ర అచ్చయ్య వీపు మీద పడింది. రెండోది చెవి మీద పడింది. అవే కర్రలు, అవే బూతులు. తిరుపతమ్మ గుప్పెడు మట్టి తీసి వాడి కళ్లలో కొట్టింది. "నా మనవరాల్నిరా? నా మనవరాల్నా?" వాడు గోతిలోకి దొర్లాడు. జనం గోతి చుట్టూ మూగారు. ఇటుకలు తీసి లోపలికి విసురుతున్నారు.

యశస్విని తమ్ముడి చంకల్లో చేతులేసి కిందికి ఈడ్చింది. గుట్ట కింద ట్రాక్టర్ ఆపుకుని బిత్తరపోయి చూస్తున్నాడు బాబ్జాన్. పత్తి కూలీల కోసం వచ్చినవాడు. మారు మాట్లాడకుండా వినయ్‌ని ట్రక్కులోకి ఎక్కించాడు.

"మీ ఫోనివ్వండి బాబాయ్. మావి పగలగొట్టారు."

"ఇక్కడ సిగ్నలుండదు తల్లీ. చిల్లకల్లు హైవే ఎక్కాలి. ముందు జగ్గయ్యపేట ఆస్పత్రికి పోదాం పదండి."

ట్రాక్టర్ కదిలింది. గుట్ట మీదినుంచి ఒక అరుపు, దాని వెనకే ఇటుక మీద ఇటుక పడిన చప్పుడు. వినయ్ మూలిగాడు. యశస్విని వాడి తల ఒళ్లో పెట్టుకుని, బతికాడు, నా తమ్ముడు బతికాడు అనుకుంటూ కిందికి చూసింది.

వినయ్ మోకాళ్లు ఎర్రగా ఉన్నాయి. తన మోకాళ్లూ అలాగే ఉన్నాయి. ఆమె వేలితో గీసి చూసింది. ఇటుక పొడి. ఆ గుట్ట పాకుతూ ఎక్కినవాళ్లు ఎవరైనా సరే ఈ రంగుతోనే దిగుతారు. తిరుపతమ్మ మోకాళ్లూ ఇంతే అయివుంటాయి.

"అక్కా," అన్నాడు వినయ్, మాట ముద్దగా. "అతను... తవ్వాడా?"

ఆమె వాడి నోటి రక్తం తుడిచింది. వెనక్కి తిప్పమని బాబ్జాన్‌కి చెప్పలేదు. తమ్ముడి తల ఒళ్లో ఉండగా చెప్పలేకపోయింది. ఆ సిగ్గు ఆమెకి పెదవి మంటకంటే ఎక్కువగా తెలుస్తోంది.

హైవే ఎక్కగానే ఫోన్లో సిగ్నల్ గీతలు వచ్చాయి. బాబ్జాన్ వెనక్కి అందించాడు. ఆమె పోలీసుల వంద నంబరుకి కొట్టింది.

"వత్సవాయి అవతల, ఇటుకల గుట్ట మీద మనిషిని కొట్టి చంపుతున్నారండీ. తొందరగా రండి."

"ఎందుకు కొడుతున్నారమ్మా?"

యశస్విని తన మోకాళ్ల వైపు చూసుకుంది.

"నేను చెప్పాను కాబట్టి," అంది.