మూడో పెట్టె

1958 వానాకాలం. సుల్తానాబాద్ దగ్గరి ఊళ్లలో పిల్లలకు మెదడు జ్వరం తగులుకుంటే డాక్టర్ రాజేశ్వర్‌రావు, ఆయన సహాయకుణ్ణి నేను, తెల్లెలుకలతో ఒక బడి గదిలో దిగాం. దోమలు మోసుకొచ్చే క్రిమి పని ఇదని డాక్టర్ అనుమానం. చనిపోయిన ఒక పిల్లవాడి మెదడులోంచి తీసిన చుక్కను మొదటి పెట్టెలో పాలు తాగే ఎలుక పిల్లలకు సూదితో ఎక్కించాలి. వాటికీ అదే జబ్బు వస్తే క్రిమి దొరికినట్టే.

ఆ పిల్లవాడు ఊరి మంత్రసాని ఎల్లక్క మనుమడు. జ్వరం మొదలైన రోజు ఆమె పసరు పోసింది, నాలుగో రోజు పోయాడు. పసరే చంపిందన్నారు ఊళ్లో. పురుళ్లకు పిలవడం మానేశారు. పని లేక మా ఎలుకలకు మేత వేయడానికి కుదిరింది. నాకు నచ్చలేదు. ప్రతిదానికీ ప్రశ్నే.

"గీ రెండో పెట్టెల పిల్లలకు ఉత్త ఉప్పునీళ్లేనాయె. సూదెందుకు పొడుసుడు?"

"సూదికి సచ్చినయా, జబ్బుకు సచ్చినయా తెల్వాలె గద!" అన్నాను విసుగ్గా.

ఆ మధ్యాహ్నమే కొంప మునిగింది. ఫ్లాస్కులోకి మంచుగడ్డల కోసం కరీంనగర్ పోయి వచ్చేసరికి గది నిండా వేపాకు పొగ. బాలింతలకు పట్టినట్టే ఎలుకలకూ ధూపం పట్టింది మహాతల్లి! బెదిరిన తల్లులు పిల్లల్ని కొరికి చంపేశాయి.

"పచ్చి బాలింతలాయె బిడ్డా, సలి పెడ్తదనుకున్న."

నోటికొచ్చినట్టు తిట్టాను. డాక్టర్ తిట్టలేదు. "ఉప్పునీళ్లయి సుత పోయినయి గదవ్వా. ఇగ మనకేం తెల్వది" అన్నాడు. ఆమె చాలాసేపు పిల్లల్లేని పెట్టెల వంక చూస్తూ కూర్చుంది.

పిల్లవాడి మెదడులోంచి తీసింది ఫ్లాస్కులో ఇంకా కాస్త మిగిలింది. మరో మూడు ఎలుకలు ఈనాయి. సూదులు సిద్ధం చేస్తుంటే ఎల్లక్క కొంగు ముడిలోంచి చిన్న సీసా తీసింది.

"సాబ్, మూడో పెట్టెల సూదొద్దు, ఉత్త నా పసరే పొయ్యి. పిలగానికి పోసిందే."

"అవి సస్తే?" అన్నాను.

"నేనే సంపిన్నని తెలుస్తది. తెల్వకుంట బతుకుడు నాతోని గాదు."

డాక్టర్ పుల్లతో ఒక్కో పిల్ల నాలుక మీద పసరు పెట్టాడు.

ఈసారి ఆమె పెట్టెలను తాకితే ఒట్టు. నాలుగో రోజు మొదటి పెట్టెలో పిల్లలు పాలు మానేసి వణికాయి. "గిట్లనే వణికిండు" అందామె. ఉప్పునీళ్లవి హాయిగా ఉన్నాయి. మూడో పెట్టె మూత తీయడానికి నాకే భయం వేసింది. తీస్తే, పిల్లలు తల్లి కడుపు కింద తోసుకుంటున్నాయి. ఒంటి మీద నూగు కూడా మొలుస్తోంది.

"నీ పసరు సంపలేదవ్వా. ఊరందరికీ నేనే చెప్త" అన్నాడు డాక్టర్. ఎల్లక్క వెక్కి వెక్కి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని మొదటి పెట్టె మీదికి వంగింది.

"సంపలే. మరి బతికిస్తదా?"

వణుకుతున్న పిల్లల్లో సగానికే పసరు పోసింది. మిగతా సగానికి పోయలేదు. ఎందుకని నేను అడగలేదు. సాయంత్రానికి అన్నీ పోయాయి.

ఆమె సీసా మట్టిలో ఒంపేసి వచ్చింది. "మీ మందేది సాబ్?"

డాక్టర్ తల దించుకున్నాడు. "ఇంకా లేదవ్వా."

"గట్లయితే ఇంకో ఆకు సూడాలె" అని ఎల్లక్క నా వైపు తిరిగింది. "ఇంకో పెట్టె తే బిడ్డా."