అమ్మ సెలవు తేదీ

చేయాల్సిన పనులు ఇవీ: స్కానింగ్ కాగితాలన్నీ ఒకచోట పెట్టుకోవాలి. ఆఫీసులో నా పని ఇంకొకరికి అప్పజెప్పాలి. ఆసుపత్రికి పట్టుకెళ్ళే సంచి సర్దాలి. పాత మెత్తటి బట్టలు ఉతికి ఆరేయాలి. మా ఆయన తన లారీ డ్యూటీని దగ్గరి ఊళ్ళకు మార్పించుకోవాలి. అన్నిటికన్నా ముందు, పురుడు ఎప్పుడొస్తుందో అమ్మకు ఒక తేదీ చెప్పాలి.

అమ్మ పనిచేసేది హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో. ఏడాదికి ఒక్కసారే రెండు వారాల సెలవు. అది కూడా నెల ముందే చెప్పాలి, చెప్పాక మార్చరు. కాన్పు సమయానికి అమ్మ నా పక్కన ఉంటే చాలు, నాకింకేమీ అక్కర్లేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటిదాన్ని నేనే కాబట్టి, ఏ లెక్కైనా నా నెత్తినే పడుతుంది. ఇదీ పడింది.

డాక్టరమ్మ ఒక తేదీ చెప్పింది. "ఇది అంచనా మాత్రమేనమ్మా. ఓ రెండు వారాలు ముందైనా కావచ్చు, వెనకైనా కావచ్చు" అంది. ఆ రెండో మాటతో లాండ్రీవాళ్ళకు పనిలేదు. వాళ్ళకు కావలసింది తేదీ.

అమ్మ లెక్క వేరు. నెల తప్పిన దగ్గర్నుంచి వేళ్ళు మడిచి, "ఇంకా చాలా ఉందే" అంది.

"అలా కాదమ్మా. చివరిసారి నెలసరి వచ్చిన రోజు నుంచి లెక్కేస్తారు."

"అప్పటికి నీ కడుపులో ఏముందే?"

"ఏమీ లేదు."

"లేని బిడ్డక్కూడా వయసు లెక్కేస్తారా? బాగుంది మీ చదువు! ఈ లెక్కన నేను చేరకముందు నుంచే లాండ్రీలో ఉన్నట్టు. ఆ జీతం కూడా ఇప్పించవే!"

ఇద్దరం నవ్వుకున్నాం. చివరికి "చదువుకున్నదానివి, నీ మాటే ఖాయం" అని నేను చెప్పిన తేదీ మధ్యలో పడేలా సెలవు పెట్టింది.

ఆ తేదీ వచ్చింది, పోయింది. నొప్పులు లేవు. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం మానేశాయి. అమ్మ తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. చుట్టాలు ఫోన్ చేసి "ఇంకా లేదా?" అనేవాళ్ళు, బస్సు ఆలస్యానికి నేనే కారణమన్నట్టు. అమ్మతో కలిసి పనిచేసే ఒకావిడ ఉంది. నోరు తెరిస్తే గుచ్చడమే, అందుకే అమ్మ ఆమెకు సూదిమందు అని పేరు పెట్టింది. ఆవిడా రోజూ ఫోన్ చేసేది.

"ఏమే, నీ కూతురు కంటుందా, లేక నువ్వే తిని పడుకుంటున్నావా? ఇక్కడ నా నడుం విరుగుతోంది!"

"దీని నోట్లో నోరు పెట్టలేం" అని అమ్మ ఫోన్ పెట్టేసేది.

సెలవు అయిపోయింది. ఆ పొద్దున గుమ్మం దగ్గర అమ్మ చెప్పులు వేసుకుని, కదలకుండా నిలబడింది. "నీ లెక్క తప్పని కాదే. లోపలున్నవాళ్ళకే తొందర్లేదు" అంది. "వెళ్ళమ్మా" అన్నాను. ఏడవడానిక్కూడా ఓపిక లేదు.

మూడోరోజు మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మా ఆయన నన్ను ఆసుపత్రిలో చేర్చి, లాండ్రీకి ఫోన్ చేశాడు. అక్కడ జరిగింది అమ్మ తర్వాత చెప్పింది.

తడి దుప్పటిని చెరో కొస ఇద్దరు పట్టుకుని, వేడి రోలర్ల మధ్యకు తిన్నగా పంపాలి. ఒకరు వదిలితే దుప్పటి ముడుచుకుని యంత్రం ఆగిపోతుంది. అందుకే సూపర్‌వైజరు, "ఇద్దరు చేసే పని. షిఫ్టయ్యాక వెళ్ళు" అన్నాడు. అమ్మ తన కొస పట్టుకునే ఉంది.

"దాన్ని పోనీండి సార్" అంది అవతలి కొస పట్టుకున్న సూదిమందు. "రెండు కొసలూ నేనే పట్టుకుంటా." అమ్మ కదలకపోతే గదిమింది: "నిలబడ్డావేం? కనేది నువ్వా? పరిగెత్తు!"

అమ్మ పని కోటుతోనే వచ్చింది. ఆవిరికి నానిన ఆ చెయ్యి పట్టుకునే నేను కన్నాను. ఆడపిల్ల. డాక్టరమ్మ తేదీకీ అమ్మ వేళ్ళ లెక్కకీ మధ్యలో, తనకు తోచిన రోజున వచ్చింది.

షిఫ్టు అయ్యేదాకా సూదిమందు ఒక్కో దుప్పటికీ ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉందట. మర్నాడు చేతులు పైకి లేవలేదట. ఫోన్లో నాతో మాత్రం, "పిల్లకు మీ అమ్మ నోరు రాకుండా చూసుకో" అంది, అంతే.

పిల్ల నిద్రపోతోంది, నాకూ కళ్ళు మూతపడుతున్నాయి. ఇంతకన్నా బాగా చెప్పలేను. ఎప్పుడైనా హోటల్లో ముడత లేని దుప్పటి మీద నడుం వాల్చితే, ఒక్కసారి ఆ సూదిమందును తలుచుకోండి.