రెక్క కింది తెలుపు

రాత్రంతా బేకరీ పొయ్యి ముందు నిలబడి వచ్చానేమో, కాళ్లు పీకేస్తున్నాయి. ఇంటికెళ్లి మంచం మీద వాలిపోవలసినదాన్ని, తెల్లారేసరికి సరస్సు గట్టున తడి బల్ల మీద కూర్చుని ఉన్నాను. అంతా మా మరిది పుణ్యం.

అతనికి పక్షుల పిచ్చి. పోయిన చలికాలంలో వింత సీగల్ ఒకటి వచ్చిందని అందరినీ పరుగులు పెట్టించాడు. తీరా చూస్తే అది మామూలుదే, ఒంటికి పడవ నూనె అంటుకుంది. అప్పటినుంచి పక్షులు చూసేవాళ్ల బృందంలో అతని పేరు నూనె మరక. మళ్లీ ఏదైనా చెబితే ఇంకొకరు కూడా చూసి ఉండాలని బృందం పెద్దాయన తేల్చేశాడు. పిలిస్తే తోటివాళ్లెవరూ రాలేదు. వదిన ఉందిగా, లోకువ.

"ఈసారీ నవ్వులపాలైతే ఈ టెలిస్కోపు అటక మీద పడేస్తా వదినా" అన్నాడు నిన్న. పడేస్తే మనిషి ఏమైపోతాడో నాకు తెలుసు. అతనికి ఇంకో సరదా అంటూ లేదు. అందుకే సణుక్కుంటూనైనా వచ్చాను.

నీళ్లలో పాతిన కొయ్యల మీద పిల్ల సీగల్స్ కూర్చుని ఉన్నాయి. నా కంటికి అన్నీ ఒకటే, గోధుమ రంగు మచ్చలు, వెధవ అరుపులు.

"ఆ చివరిది చూడు. తల తెల్లగా, ముక్కు సన్నగా లేదూ? మిగతావాటికి రెక్క కింద గోధుమ రంగు. దీనికి తెల్లగా ఉంటే దూరపు సముద్రాల రకమే. ఎగిరేటప్పుడు ఒక్కసారి కనిపిస్తే చాలు."

"అయితే తొందరగా ఎగరమను."

"నా మాట వింటుందా?"

"నువ్వెవరి మాట విన్నావు గనక."

ఆ పక్షి ఒంటికాలి మీద నిలబడి హాయిగా కునుకు తీసింది. దాని సుఖం చూసి నాకు ఒళ్లు మండింది.

ఎప్పుడు కళ్లు మూతపడ్డాయో తెలియదు. మెలకువ వచ్చేసరికి చివరి కొయ్య ఖాళీ. నా ఒంటి మీద మరిది కోటు. ఎదురుగా బృందం పెద్దాయన, అప్పుడే వచ్చినట్టున్నాడు.

ఇంత దూరం వచ్చి నిద్రపోయానా? మరిది "చూశాను" అంటే చాలు, నేనూ చూశానని బొంకేద్దామనుకున్నాను. పాపం వస్తే రానీ.

"ఏం నూనె మరకా, రెక్క కింద చూశారా?" అన్నాడు పెద్దాయన.

నేను నోరు తెరిచేలోపే మరిది "లేదండీ" అన్నాడు. "ఎగిరినప్పుడు నేను అటు చూడట్లేదు."

"దానికోసమేగా వచ్చింది. మరెటు చూస్తున్నావు?"

మరిది తల వంచుకుని టెలిస్కోపుకి మూత పెట్టాడు. "వదిన చలికి వణుకుతోంది. కోటు కప్పుతున్నా."

"నన్ను లేపొచ్చు కదా, పిచ్చి సన్నాసీ" అన్నాను.

పెద్దాయన అతని వంక చాలాసేపు చూశాడు. తర్వాత సంచీలోంచి తన బైనాక్యులర్స్ తీసి మెడలో వేసుకున్నాడు.

"మూత తియ్యి బాబూ. తిరిగొస్తుందేమో చూద్దాం" అని నా వైపు తిరిగి "కాస్త జరుగమ్మా" అన్నాడు.

జరిగి చోటిచ్చాను. ఆ తర్వాత మళ్లీ రెప్ప వేయలేదు.