రత్నం మళ్ళీ బిగించిన చక్రం

నేను ఒక ఇనుప చక్రాన్ని. రోడ్డు మీద దొర్లే చక్రాన్ని కాను. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ నడుమ చీకట్లో తిరిగే ఫ్లైవీల్‌ని. కారు కొనడానికి వచ్చినవాళ్ళు రంగు చూస్తారు, సీటు నొక్కి చూస్తారు, హారన్ మోగించి చూస్తారు. నన్ను చూసేది మెకానిక్ ఒక్కడే, అదీ ఏదో పాడైనప్పుడు.

సముద్రం అవతల ఒక కార్ఖానాలో నన్ను పోతపోశారు. లేతు మీద చెక్కి, అంచు చుట్టూ పళ్ళు తొడిగి, ఒక పక్క బరువు ఎక్కువైందని రెండు చిన్న గుంటలు తొలిచి సరిచేశారు. తొమ్మిది కిలోలు తూగాను. నా పని చిన్నదే. ఇంజను కుదుపులు కుదుపులుగా ఇచ్చే బలాన్ని నా బరువులో దాచుకుని, నున్నగా చేసి అవతలికి అందిస్తాను. క్లచ్ మీది కాలు కాస్త తొందరపడినా ఇంజను ఆగిపోకుండా పట్టుకుంటాను.

నన్ను రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారులో బిగించి ఓడెక్కించారు. మొదటి యజమాని చెన్నైలో తోళ్ళ వ్యాపారి. గంటకు రెండువందల కిలోమీటర్లు పోగల కారును కొని, సాయంత్రాలు క్లబ్బు దాకా ముప్ఫైలో నడిపేవాడు. గీత పడుతుందని ఆయన భయం. ఆరేళ్ళకు నడుం నొప్పి పట్టుకుని, అంత కిందికి వంగి కూర్చోలేక అమ్మేశాడు.

కొన్నది విశాఖపట్నంలో, గాజువాక ఆటోనగర్లో షెడ్డు నడిపే త్రినాథ్, అతని భార్య నూకరత్నం. వాళ్ళది మేనరికం. రత్నం తండ్రి లారీ డ్రైవరు. ఆమె చీర కట్టడం కంటే ముందు లారీ నడపడం నేర్చుకుంది. త్రినాథ్ ఇంజను విప్పి సరిచేస్తే, ఏటా చలికాలంలో ఘాట్ రోడ్డు మీద జరిగే కార్ల పోటీలో రత్నం నడిపేది. ఆదివారాలు మాత్రం స్టీరింగ్ అతనిది. పొద్దున్నే ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని భీమిలి దాకా వెళ్ళేవాడు. అతను బండి కదిలిస్తే కదిలినట్టే తెలిసేది కాదు. ఆ మెత్తదనంలో సగం నాది. అతనికి ఆ సంగతి తెలుసనే అనుకుంటాను.

రెండేళ్ళు వరుసగా నాలుగో స్థానం వచ్చేసరికి రత్నానికి పట్టుదల పెరిగింది. మలుపు దాటాక ఇంజను చప్పున అందుకోవడం లేదని, నా బరువే దానికి అడ్డమని, తేలికపాటి ఫ్లైవీల్ తెప్పించమని పోరు పెట్టింది. త్రినాథ్ నెల రోజులు నాన్చాడు. చివరికి ఒప్పుకుంటూ ఒక మాట అన్నాడు.

“తేలికది పెడితే ఎంత జోరుగా లేస్తాదో అంత జోరుగా ఆగిపోతాది రత్నం. కాలు తప్పితే కాసుకోదు మరి.”

నాలుగు కిలోలది వచ్చింది. మనుషులు ఒళ్ళు తగ్గించుకోవడానికి పడే అవస్థలు నాకు తెలుసు గానీ, ఇనుముకూ ఆ తిప్పలు వస్తాయని అప్పుడే తెలిసింది. త్రినాథ్ గేర్‌బాక్సు దించి, క్లచ్ విప్పి, ఎనిమిది బోల్టులు ఊడదీసి నన్ను బయటికి తీశాడు. నా ముఖం మీద బొటనవేలితో రాసి, పగుళ్ళు లేవని చూసుకుని, గ్రీజు పూసి పనిబల్ల కింద పెట్టాడు. పారేయలేదు.

కొత్తది తిరిగిన మొదటిరోజు గేర్‌బాక్సులో ఒకటే గలగల. త్రినాథ్ చేతిలోనే రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. రత్నం నవ్వింది, అతనూ నవ్వాడు. నాలుగు రోజుల్లో కాలు కుదిరింది. ఆ చలికాలం పోటీలో ఆమె రెండో స్థానంలో నిలిచింది. కప్పు తెచ్చి సరిగ్గా నా నెత్తిమీద, బల్ల మీదే పెట్టారు. నాకు అసూయ కలగలేదంటే అబద్ధం.

మరుసటి వేసవిలో త్రినాథ్ ఒక వ్యాను కింద పడుకుని పని చేస్తూ చేతిలోని పానా జారవిడిచాడు. తీసుకోబోతే చెయ్యి లేవలేదు. పక్షవాతం. ఎడమ చెయ్యి, ఎడమ కాలు. మూడు నెలల తర్వాత కర్ర ఊతంతో షెడ్డులోకి వచ్చాడు. మాట బాగానే ఉంది, నడక కొంత వచ్చింది. కారు ఎక్కుతానన్నాడు. రత్నం వద్దనలేదు.

క్లచ్ ఎడమ కాలిది. ఆ కాలు తొక్కగలుగుతోంది గానీ మెల్లగా వదలడం దానికి చేతకావడం లేదు. వణికి వణికి ఒక్కసారిగా వదిలేస్తోంది. కారు ఎగిరిపడి ఆగిపోయింది. తాళం తిప్పాడు. మళ్ళీ ఆగింది. బల్ల కింద నుంచి అన్నీ విన్నాను. పదకొండోసారి తర్వాత తాళం తిప్పిన చప్పుడు రాలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ బళ్ళు నడిపించిన మనిషి తన బండిని షెడ్డు గుమ్మం దాటించలేకపోయాడు.

ఆ తర్వాత అతను షెడ్డులోకి రావడం మానేశాడు. వెనకనున్న ఇంట్లో గోడవైపు తిరిగి పడుకునేవాడు. పెడితే తినేవాడు, పిలిస్తే పలికేవాడు, అంతే. తేలికది కావాలని పోరింది తనే కదా అని రత్నం లోలోపల కుమిలిపోయేది. ఒకరోజు బల్ల పక్కన కూర్చుని ఆ మాటే గొణుక్కుంటూ వంగి, నన్ను బయటికి లాగింది.

కిరోసిన్‌తో కడిగింది. ఎమెరీ కాగితంతో తుప్పు గీకింది. గేర్‌బాక్సు దించడం ఆమె చూసిందే గానీ చేసి ఎరగదు. చైను కప్పీ కట్టి, జాకీలు పెట్టి, ఎవరినీ పిలవకుండా రెండు రోజులు తంటాలు పడింది. కారు కింద వెల్లకిలా పడుకుని, నన్ను పొట్ట మీద ఆనించుకుని పైకెత్తి బోల్టులు బిగించింది. ఆ చప్పుళ్ళన్నీ వెనక ఇంట్లో త్రినాథ్‌కి వినపడుతూనే ఉన్నాయి.

ఆదివారం పొద్దున్న ఖాళీగా ఉన్న లారీల పార్కింగ్ మైదానానికి తీసుకెళ్ళి, అతన్ని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టింది. అతని ఎడమ చెయ్యి ఒళ్ళోనే ఉంది కాబట్టి పక్క సీట్లోంచి తనే గేరు రాడ్ పట్టుకుంది. అతను క్లచ్ తొక్కాడు, ఆమె మొదటి గేరు వేసింది. కాలు వణికింది. ఆ వణుకంతా క్లచ్ ప్లేటు మీదుగా నా ముఖానికి తగిలింది. ఇంజను కుంగింది. ఉన్న బరువంతా పెట్టి పట్టుకున్నాను. కారు ఒకసారి ఊగి, కదిలింది.

ఇరవై గజాలు పోయాక అతను నోరు విప్పాడు.

“పాతది పెట్టీసినావా?”

“పెట్టీసినాను మావా.”

“మరి పోటీకి?”

“నువ్వు లేకండా నానెక్కడికెల్తాను?”

అతను ఆమె వైపు చూడకుండా, “క్లచ్ తొక్కుతన్నాను. రెండో గేరు ఎయ్యి” అన్నాడు.

ఐదు ఆదివారాలు అలా నడిచాయి. మూడో వారానికి గేరు ఆలస్యంగా వేస్తున్నావని ఆమెను కసురుకోవడం కూడా మొదలుపెట్టాడు. ఆ కసురుకు రత్నం ఎంత మురిసిపోయిందో! ఆరో ఆదివారం లేదు. శుక్రవారంనాడు పక్షవాతం రెండోసారి కొట్టింది. ఈసారి ప్రాణం ఆసుపత్రి దాకా కూడా నిలవలేదు.

ఏడాది తిరిగాక రత్నం షెడ్డు మూసేసి, కారును అనకాపల్లిలో ఒక డాక్టరుకు ఇచ్చేయడానికి ఒప్పుకుంది. కావాలంటే మార్చుకోమని తేలికదాన్ని కూడా డిక్కీలో పెట్టింది. తనే నడుపుకొచ్చి అప్పగిస్తానంది.

దారిలో రైలు గేటు పడింది. గూడ్సు బండి వెళ్ళేదాకా ఆగాం. గేటు లేచింది. రత్నం గేరు వేసి, ఎటో చూస్తూ, యాక్సిలరేటర్ తొక్కకుండానే క్లచ్ వదిలేసింది. నేను పట్టుకోబోయాను. ఇంజను ఊతమివ్వందే నేనైనా ఎంతసేపని తిరుగుతాను? ఏ పోటీలోనూ ఇంజను ఆగనివ్వని మనిషి చేతిలో కారు ఆగిపోయింది. ఆమె తాళం తిప్పలేదు. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుంది.

వెనక హారన్లు మొదలయ్యాయి. ఒక లారీ డ్రైవరు దిగి తిట్టడానికే వచ్చాడు. ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు.

“ఏటమ్మా, బండి మొరాయించిందా? తొయ్యమంటావేటి?”

“లేదు బాబూ” అంది రత్నం. “బండి బాగానే ఉంది.”

కొంగుతో ముఖం తుడుచుకుని తాళం తిప్పింది. స్టార్టరు పళ్ళు నా పళ్ళను అందుకున్నాయి. నేను తిరిగాను. కారు పట్టాలు దాటింది.