వెనక్కి తిప్పి నాటిన సగువారో

కూకా రోజూ తెల్లారకముందే చిక్కుడు గింజలు పొయ్యి మీద పడేస్తుంది. అవి ఉడికే వాసనకి కోబ్రే ఊరి చుట్టూ ఉన్న కొండలు ఒళ్ళు విరుచుకుని లేస్తాయని, ఆ వాసన లేకపోతే సూర్యుడు కూడా దారి తప్పుతాడని అక్కడ చెప్పుకుంటారు. తర్వాత రొట్టెల పిండి కలుపుతుంది, తన తిండి కొట్టు షట్టర్ ఎత్తుతుంది, బెంచీల మీది ఇసుక దులుపుతుంది, చేతులు తుడుచుకుంటూ రోడ్డు వైపు చూస్తుంది. ఎవరూ రారు.

ఒకప్పుడా? అబ్బో! మార్చిలో ఎడారి పూలు విరిస్తే ఆ రోడ్డు చూడ్డానికి అరిజోనా అంతా కదిలొచ్చేది. ఒకాయన బ్రహ్మచారిగా కార్ల వరసలో చేరాడట; కూకా వాళ్ళమ్మ కొట్టు దగ్గరికి చేరేసరికి పెళ్ళాం, పిల్లలు, అలిగిన అత్తగారు కూడా కారులో ఉన్నారట. తర్వాత వేరే దారిన హైవే పడింది. ఈ రోడ్డు తారు పెచ్చులూడి, బఫెల్ గడ్డి మొలిచి, ఊళ్ళో వాళ్ళు విరిగిన సోఫాలు పారేసే చోటయింది.

ఆ చలికాలం నగర కౌన్సిల్‌కి ఈ రోడ్డు మళ్ళీ వేయాలని బుద్ధి పుట్టింది. యంత్రాలు, తారు నగరానివి, చేతులు జనానివి. శనివారం వస్తే చాలు, టోపీలు పెట్టుకుని వాలంటీర్లు దిగేవాళ్ళు. వాళ్ళకి పెద్ద, రిటైరైన ఫైరింజన్ డ్రైవరు లెమ్ ప్రాట్. లెమ్ గడ్డపార ఒక్క పోటు వేస్తే భూమికి అవతలి వైపు వాళ్ళు ఎవరో తలుపు కొట్టారనుకుని లేచొచ్చేవాళ్ళు. సోఫాని చంకలో పెట్టుకుని, రెండో చేత్తో మీసం దువ్వుకుంటూ నడిచేవాడు.

అంతా బాగానే ఉంది, ప్లాను తప్ప. కూకా కొట్టు ముందు నుంచి పోయే పాత మలుపుకి తారు చాలదన్నారు. కొత్త రోడ్డు తిన్నగా, కొట్టుకి బాగా ఎడంగా పోతుంది. నగరం ఇంజనీరు నదీన్ ఆ మాట చెప్పడానికి స్వయంగా వచ్చింది.

"నా చేతుల్లో ఉంటే, కూకా..."

"నీ చేతుల్లోనే ఉంది కదమ్మా, ఆ కాయితం. కింద పెట్టి కాఫీ తాగు."

రోడ్డు రాకపోతే వేసవికి కొట్టు మూతే. ఈ వయసులో టూసాన్ వెళ్ళి ఎవరి హోటల్లోనో అంట్లు తోముకోవాలి. అయినా కూకా శనివారాలు మొక్కజొన్న పిండి ఆకుల్లో చుట్టి ఉడికించిన టమాలీలు బుట్టలో పెట్టుకుని వాలంటీర్ల దగ్గరికి మోసుకెళ్ళేది. వాళ్ళు తల దించుకుని తినేవాళ్ళు.

"నువ్వు మా మీద ఉమ్మేసినా బాగుండేది, కూకా," అన్నాడు లెమ్ ఓసారి.

"ఉమ్ముతాలే. ముందు తిను, చల్లారిపోతాయి."

రోడ్డు పక్కన నాటడానికి ఒక శనివారం లారీ మీద సగువారో వచ్చింది. మూడంతస్తుల ఎత్తు జెముడు, చేతుల్లాంటి రెండు కొమ్మలు. కొత్త ఇళ్ళకి చోటు కోసం ఎక్కడో తవ్వి తీశారు. సగువారోకి దక్షిణం వైపు చర్మం ఎండకి కాగి మొద్దుబారి ఉంటుంది, ఉత్తరం వైపు పసిపిల్ల బుగ్గలా ఉంటుంది. ఎటు ఉన్నది అటే నాటాలి. అందుకే ఉత్తరానికి రిబ్బన్ కడతారు. అది దారిలో గాలికి పోయింది.

"రిబ్బన్ ఎందుకు?" అన్నాడు లెమ్. "ఉత్తరం ఎటో నా మీసానికి తెలుసు."

క్రేన్ దించింది. మట్టి కప్పారు. బుట్టతో వచ్చిన కూకా చూడగానే తప్పు పోల్చుకుంది. నోరు మూసుకుంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు. తిప్పి నాటిన సగువారో తనంతట తను సర్దుకుని తిరుగుతుంది. దాని వేళ్ళు పైపైనే చాపలా పరుచుకుంటాయి కాబట్టి, మీద ఏముంటే దాన్ని లాక్కుపోతుంది. కుడికి తిరిగితే రోడ్డు తన గుమ్మంలోకి వస్తుంది. ఎడమకి తిరిగితే వాగులో పడుతుంది. కానీ ఆ లేత చర్మం ఎండకి కాలిపోతే...

"లెమ్, తిరగేసి పెట్టావు. క్రేన్ ఉండగానే సరిచెయ్యి."

"ఏంటీ? నువ్వు చుట్టిన టమాలీల కంటే నేను నాటిన సగువారోలు ఎక్కువ!"

నలుగురూ నవ్వారు. క్రేన్ వెళ్ళిపోయింది. తర్వాతి వారం వేళ్ళ మీదుగా తారు పోశారు.

ఏప్రిల్ ఎండకి నీడలు కూడా నీడ వెతుక్కుంటున్నాయి. సగువారో లేత వైపు పసుపు తిరిగింది. కూకా రోజూ మధ్యాహ్నం నిచ్చెన మోసుకెళ్ళి ఆ వైపు ఎండ తగలకుండా దుప్పటి కట్టేది. మూడో రోజుకి లెమ్ వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

సగువారో తిరగడం మొదలైంది. వాగు వైపు. రోడ్డు ముడతలు పడి మెల్లిగా అటు జరిగింది. జనం మడత కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. నదీన్ వచ్చి, "తెల్ల గీతలు ఆపండి, తిరగడం అయ్యాక వేద్దాం," అని రంగు డబ్బాలు వెనక్కి పంపింది.

"వాగులోకేనా?" అని అడిగింది కూకా.

"అలాగే ఉంది, కూకా. వాగులో పడితే ఇక రోడ్డుని వదిలేయమంటుంది కౌన్సిల్."

"సరేలే," అని కూకా దుప్పటి ముడి బిగించింది.

మర్నాడు ఆమె గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దింది. చివరికి వాళ్ళమ్మ రాయించిన బోర్డు దించడానికి స్టూలెక్కింది. తుప్పు పట్టిన మేకులు ఊడిరాలేదు. వాటితో పెనుగులాడుతుంటే మధ్యాహ్నం దాటిపోయింది. దుప్పటి సంగతే మరిచిపోయింది.

అవతల సగువారో ఆగింది. ఈమె ఇంకా రాలేదేమిటా అన్నట్టు కొట్టు వైపు తిరిగి చూసింది. ఇక అటే తిరిగింది. వాగు అంచుదాకా పోయిన రోడ్డు, కాలికింద తివాచీలా జరజరా వెనక్కొచ్చింది. కుర్చీల్లో వాళ్ళు కాళ్ళు పైకెత్తారు. సాగింది, మెలిక తిరిగింది, పొదల్ని ఒరుసుకుంటూ వచ్చి కూకా బెంచీల ముందు మెత్తగా పరుచుకుంది. ఆమె అప్పుడే ఊడొచ్చిన బోర్డు చేత్తో పట్టుకుని అలాగే స్టూలు మీద నిలబడిపోయింది.

నదీన్ దాని మీదే నడుచుకుంటూ వచ్చింది. కాలితో తారు నొక్కి చూసింది.

"గట్టిగానే ఉంది. గీత ఇక్కణ్ణుంచి వేస్తాం. కాఫీ ఉందా?"

కూకా దిగి అట్టపెట్టెలో చెయ్యి పెట్టి కప్పు వెతికింది. వెనకాలే లెమ్ వచ్చాడు. బోర్డు అందుకున్నాడు, సుత్తి తీశాడు, స్టూలెక్కాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ ఏదీ అడగని మనిషి, మేకులు పళ్ళ మధ్య పెట్టుకుని ఆగిపోయాడు.

"కూకా... ఇది ఎటు తిప్పి కొట్టమంటావు?"